నాలుగో జత: ఓ పాత స్ప్లెండర్ ముందు చక్రంలో బేరింగులు ఎందుకు నిలవలేదు

బండి 2001 నాటి హీరో హోండా స్ప్లెండర్. 97.2 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే, రెండు చక్రాలకీ 2.75-18 టైర్లు. భీమవరం దగ్గర ఒక ఊళ్లో రొయ్యల చెరువులు చూసుకునే పెద్దాయనది. నాకు చుట్టం కాదు గానీ, షెడ్డు పెట్టిన కొత్తలోంచీ నా దగ్గరికి వస్తున్నారు కాబట్టి బాబాయ్ గారూ అంటాను. ఆయన నన్ను అబ్బాయ్ అంటారు. తెల్లారకముందే చెరువు గట్టు మీద ఉంటారు. వెనక క్యారియర్ మీద పాతిక కిలోల మేత బస్తా, ఒక్కోసారి రెండు. మీటరు లక్ష దాటి మళ్లీ సున్నా నుంచి మొదలై చాలా ఏళ్లయింది.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం ఆయన వస్తుంటే, బండి కనబడకముందే వీధి మలుపులో చప్పుడు వినబడింది.

“ముందు చక్రం గుయ్యిమంటంది అబ్బాయ్. ముప్పై దాటితే మొదలవుద్ది. ఎడం పక్కకి వంచితే ఇంకా పెరుగుద్ది.”

నన్ను కలవరపెట్టింది చప్పుడు కాదు. జూన్‌లో ఆ చక్రానికి బేరింగులు వేసింది నేనే. అంతకుముందు ఏడాదిలో వేరే చోట్ల రెండుసార్లు మార్పించారు. పద్నాలుగు నెలల్లో మూడు జతలన్నమాట. కూలి అడక్కుండా ఇంకో జత వేసి పంపేయడం తేలికే. కానీ ఒకే చక్రంలో మూడు జతలు పోయాయంటే తప్పు బేరింగులది కాదు, వాటి చుట్టూ ఉన్నదేదో వాటిని తినేస్తోంది. అదేమిటో తేలేదాకా కొత్తవి వేయకూడదనుకున్నాను. నా స్కూటర్ ఇచ్చి, బండి రెండు రోజులు షెడ్డులో ఉంచమన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ముందు, చప్పుడు ఎక్కడిదో

ముందు చక్రం గోల పెడితే అనుమానించాల్సినవి చాలా ఉంటాయి. టైరు అరుగుదల, మీటరు గేరు, బ్రేకు లైనర్లు, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), ఫోర్కు (చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్లు). మా వైపు షెడ్లలో ఎక్కువగా జరిగేది ఏమిటంటే, హ్యాండిల్ కొట్టుకుంటోందనగానే కోన్‌సెట్ మార్చేస్తారు. ఈ బండికీ నాకంటే ముందు ఒకరు మార్చారు. అది దండగైన ఖర్చు.

సెంటర్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్కదుంగ పెట్టి ముందు చక్రం లేపాం. మొదట ఫోర్కు కాళ్ల అడుగు భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాను. అక్కడ కటకటమంటే కోన్‌సెట్ లూజని అర్థం. ఏ కదలికా లేదు. తర్వాత ఒక చేత్తో ఫోర్కు కాలు కదలకుండా బిగించి పట్టుకుని, రెండో చేత్తో టైరును పక్కకి నొక్కి లాగాను. చిన్నగా టక్, టక్. కంటికి ఆనదు, వేళ్లకి తెలుస్తుంది. ఈ రెండు పరీక్షలూ విడివిడిగా చేయాలి. హ్యాండిల్ పట్టుకుని బండి మొత్తాన్ని ఊపితే ఏది ఊగుతోందో దేవుడికే తెలియాలి.

మీటరు కేబుల్ ఊడదీసి చక్రం తిప్పాం. చప్పుడు అలాగే ఉంది, కాబట్టి మీటరు గేరు కాదు. బ్రేకు అడ్జస్టరు పూర్తిగా వదిలి తిప్పినా ఉంది. పెద్ద స్క్రూడ్రైవర్ మొన యాక్సిల్ (చక్రం ఇరుసు) చివర ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుంటే లోపల ఇసుక నలిగినట్టు గరగర. రెండు వైపులా ఉంది, బ్రేకు ప్లేటు వైపు ఎక్కువ.

జూన్‌లో నేను వదిలేసిన ఆనవాలు

ఇక్కడ జూన్ సంగతి చెప్పాలి. ఆ రోజు పాత బేరింగులు కొట్టి తీశాం, కొత్తవి దింపాం, చక్రం ఎక్కించాం. యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించగానే చక్రం బరువెక్కింది. మా కుర్రాడు “బ్రేకు పట్టేస్తంది గురువుగారూ” అన్నాడు. నాకూ అదే అనిపించింది. అడ్జస్టరు వదిలాం. ఇంకా బరువుగానే ఉంటే నట్టు పావు చుట్టు వెనక్కి తిప్పాం. చక్రం హాయిగా తిరిగింది. బండి ఇచ్చేశాం.

ఆ పావు చుట్టులోనే జబ్బంతా ఉంది. నట్టు బిగిస్తే చక్రం బరువెక్కి, వదిలితే తేలికవుతోందంటే అది బ్రేకు పని కాదు. నట్టు బిగింపుకీ బ్రేకు లైనరుకీ ఏ సంబంధం లేదు. నట్టు నొక్కేది వేరే వరసని. ఒక ఫోర్కు కాలు, దాని పక్క కాలరు, ఒక బేరింగు ఇన్నర్ రేస్ (లోపలి కడియం), మధ్యలో స్పేసర్ గొట్టం, రెండో బేరింగు ఇన్నర్ రేస్, బ్రేకు ప్లేటు, రెండో ఫోర్కు కాలు. నట్టు బిగిశాక ఇవన్నీ ఒకే రాటలాగా కదలకుండా నిలబడాలి. తిరగాల్సింది హబ్బు (చక్రం మధ్య దిమ్మ), అందులో కూర్చున్న ఔటర్ రేసులు (బయటి కడియాలు) మాత్రమే. ఇన్నర్ రేసుల మధ్య ఉండే ఆ గొట్టాన్ని కొందరు డిస్టెన్స్ పైపు అంటారు. అది ఉన్నంతవరకూ నట్టు ఎంత బిగించినా ఆ బలం గొట్టం గుండా పోతుంది, రెండు రేసుల మధ్య దొర్లే బాల్స్ జోలికి రాదు. గొట్టం పొట్టిదైతే ఆ బలమంతా బాల్స్ మీదే పడుతుంది.

జూన్‌లో ఈ లెక్క నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆయన ఆగస్టులో వచ్చేవారు కాదు. ముందు చక్రం నట్టు వదులుగా ఉంచి మనిషిని రోడ్డు మీదికి పంపడం అంతకంటే పెద్ద తప్పు. ఇప్పుడు ఏ బండికీ అలా చేయను, మా షెడ్డులో ఎవరినీ చేయనివ్వను.

ఈసారి నట్టు విప్పబోతే గట్టిగా ఉంది. ఎవరైనా చక్రం దింపారా అని ఫోన్ చేసి అడిగాను.

“ట్యూబు వాల్వు కాడ చిరిగిందని కొత్తది ఏయించాను కదా. ఆ పంచరబ్బాయి దింపాడు.”

“గుయ్యిమనడం ఎప్పుడు మొదలైంది బాబాయ్ గారూ?”

“ఆ వారంలోనే.”

పంచరు కుర్రాడు తప్పేమీ చేయలేదు. నట్టు ఎంత బిగించాలో అంతే బిగించాడు. నేను చేయాల్సిన పని అతను చేశాడు. లోపల పొట్టి గొట్టం ఉందని అతనికెలా తెలుస్తుంది?

విప్పాక కనబడినవి

బ్రేకు కేబుల్ తీసి, యాక్సిల్ లాగేశాం. యాక్సిల్ మీద ఇన్నర్ రేస్ కూర్చునే చోట అద్దంలా మెరిసే పట్టీ, దాని అంచున గోరుకి తగిలే మెట్టు. 12 మి.మీ. ఉండాల్సిన చోట వెర్నియర్‌లో (సన్న కొలతలు తీసే పరికరం) 11.8 వచ్చింది. నట్టు వదులుగా తిరిగిన రోజుల్లో ఇన్నర్ రేస్ యాక్సిల్ మీద జారుతూ దాన్ని అరగదీసింది. ఇదొక్క జూన్ నాటిదే కాదు. అంత అరుగుదలకి చాలా కాలం పడుతుంది. నాకంటే ముందు చేసినవాళ్లూ ఇలాగే నట్టు వదిలి పంపించి ఉంటారు.

డస్ట్ సీలు పెదవి గట్టిపడి, ఒక చోట చీలింది. దాన్ని తీయగానే లోపలి గ్రీజు కాఫీరంగు నురగలా ఉంది. నీళ్లు చేరితే గ్రీజు అలా అవుతుంది. ఆయన తిరిగేది ఉప్పునీటి చెరువుల గట్ల మీద, పైగా నెలకోసారి ప్రెషర్ గన్నుతో వాటర్ వాష్. ఆ గన్ను హబ్బు మధ్యకి పెడితే చీలిన సీలే కాదు, బాగున్న సీలు కూడా నీళ్లు ఆపలేదు.

బేరింగులు తీసే పనిలో గొట్టం సంగతి బయటపడింది. మామూలుగా చేసే పద్ధతి ఇది. లోపలి గొట్టాన్ని స్క్రూడ్రైవరుతో పక్కకి ఒరిగిస్తే, అవతలి బేరింగు ఇన్నర్ రేస్ అంచు నెలవంకలా కనబడుతుంది. ఆ అంచు మీద పొడుగు పంచ్ ఆనించి కొడతాం, మళ్లీ గొట్టాన్ని ఇంకో పక్కకి ఒరిగించి కొడతాం, అలా నాలుగు వైపులా మార్చుకుంటూ. ఒకే చోట కొడితే బేరింగు వంకరపోయి హబ్బును గీస్తుంది. ఈ బండికి గొట్టం ఒరగలేదు, ఒక కొస ఉబ్బి బేరింగుకి అతుక్కుపోయింది. అందుకని పంచ్ వదిలేసి, ఇన్నర్ రేసులోకి విచ్చుకునే పుల్లరు పెట్టి లాగాం. పుల్లరు లేనివాళ్లు గోడకి కొట్టే 12 మి.మీ. యాంకర్ బోల్టు రేసులో బిగించి అవతల నుంచి కొట్టినా పని జరుగుతుంది. ఎలాగూ పారేసే బేరింగే కాబట్టి ఇన్నర్ రేస్ మీద కొట్టడంలో తప్పు లేదు.

గొట్టం చేతికొచ్చింది. ఒక కొస పుట్టగొడుగులా విచ్చుకుంది, చుట్టూ పంచ్ దెబ్బలు. ఎప్పుడో ఎవరో ఒరిగించకుండా నేరుగా గొట్టం మీదే కొట్టారు. రెండో కొస ఇంకా కథ చెప్పింది. దాని మీద గ్రైండరు గీతలు. ఆ కొస కూడా ఒకప్పుడు ఉబ్బితే, లోపలికి పోవడం లేదని చేత్తో పట్టుకుని గ్రైండరు రాయికి ఆనించారు. ఉబ్బు పోయింది, దాంతోపాటు పొడవూ పోయింది. పైగా ఆ అంచు అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉంది.

హబ్బు కొలిచాం. మొత్తం వెడల్పులోంచి రెండు వైపులా మెట్టు దాకా ఉన్న లోతులు తీసేస్తే, బేరింగులు ఆనే మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం వస్తుంది. వెర్నియర్ తోక చాలు, వేరే పరికరం అక్కర్లేదు. ప్రతి కొలతా మూడుసార్లు తీసుకున్నాం. గొట్టం ఆ దూరం కంటే 0.8 మి.మీ. పొట్టిగా తేలింది.

0.8 అంటే చాలామందికి ఏమీ కాదనిపిస్తుంది. ఈ చక్రంలో బేరింగు 6301. ఆ సైజులో కొత్త బేరింగుకి బాల్స్‌కీ రేసులకీ మధ్య తయారీలో ఇచ్చే సందు మైక్రాన్లలో ఉంటుంది. మామూలు రకానికి 3 నుంచి 18 మైక్రాన్లు, సీ3 అని రాసి ఉన్నదానికి 11 నుంచి 25. మిల్లీమీటరుకి వెయ్యి మైక్రాన్లు. అంత సందులో బతికే వస్తువుని మనం 800 మైక్రాన్ల ఖాళీలోకి పానాతో లాగుతున్నాం.

కోసి చూసిన బేరింగులు

నా మాట మీదకంటే ఇనుము మీద నాకు నమ్మకం ఎక్కువ. రెండు బేరింగుల సీళ్లు పీకి, కిరసనాయిలుతో కడిగి, కళ్లద్దాలు పెట్టుకుని ఔటర్ రేసుల్ని గ్రైండరుతో కోశాం.

ఆరోగ్యంగా అరిగిన బేరింగులో బాల్స్ నడిచిన దారి గాడి మధ్యలో సన్నని బూడిదరంగు చారలా ఉంటుంది. ఇక్కడ ఇన్నర్ రేస్ మీద చార గాడి మధ్యలో లేదు, ఫోర్కు వైపు అంచు ఎక్కి ఉంది. ఔటర్ రేస్ మీద అందుకు తలకిందులుగా హబ్బు లోపలి వైపు అంచున ఉంది. రెండో బేరింగులోనూ అంతే, అద్దంలో చూసినట్టు. ఇన్నర్ రేసులు రెండూ ఒకదానివైపు ఒకటి లాగబడితే తప్ప రెండు బేరింగుల్లో అలాంటి జాడ రాదు. గుంటల రోడ్డు వల్ల రాదు, బరువు వల్ల రాదు. బ్రేకు ప్లేటు వైపు బేరింగులో అదనంగా బాల్స్ ఎడంలోనే తుప్పు మచ్చలు వరసగా ఉన్నాయి. నీళ్లు చేరిన బండి కదలకుండా రాత్రంతా నిలబడితే పడే మచ్చలవి.

బాబాయ్ గారికి ఆ రెండు ముక్కలూ చూపించాను. ఆయన అడిగింది నలుగురూ అడిగేదే. “మేత బస్తాలు ఎక్కువయ్యాయంటావా?”

కాదు. ఆ లెక్క ఆయనకి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. 6301 బేరింగు డైనమిక్ లోడ్ రేటింగు సుమారు 10 కిలోన్యూటన్లు, మన భాషలో దాదాపు ఒక టన్ను. ఆ బరువు దగ్గర పది లక్షల చుట్లు తిరుగుతుందని లెక్క కడతారు. బరువు తగ్గేకొద్దీ ఆయుష్షు ఘనం చొప్పున పెరుగుతుంది. ముందు చక్రంలో ఒక్కో బేరింగు మీద 50 కిలోలు పడుతోందనుకుందాం. 1000ని 50తో భాగిస్తే 20, దాని ఘనం 8000. అంటే పది లక్షలకి 8000 రెట్లు చుట్లు. ఈ టైరు ఒక చుట్టుకి సుమారు 1.87 మీటర్లు పోతుంది. కిలోమీటర్లలోకి మారిస్తే కోటిన్నర దగ్గరికి వస్తుంది. గుంటలకి, కుదుపులకి సగమూ పావూ తీసేసుకోండి. అయినా ఏ స్ప్లెండరూ తన జన్మలో అంత దూరం తిరగదు. మామూలు బరువుకి చక్రం బేరింగు అరిగిపోవడమన్నది లేనే లేదు. దాన్ని చంపేది నీళ్లు, మట్టి, ఎండిపోయిన గ్రీజు, బిగించేటప్పుడు తగిలిన సుత్తి దెబ్బ, లేదా ఈ బండిలోలాగా పక్క ఒత్తిడి. ఈ అయిదింటిలో మూడు మన చేతుల్లోంచి వచ్చేవే.

అందుకే “పాత బండి కదండీ, బేరింగులు పోతూ ఉంటాయి” అనే మాట నేను ఒప్పుకోను. 2001 బండి పాతదే. జూన్‌లో వేసిన బేరింగు పాతది కాదు.

గొట్టం, యాక్సిల్, సీలు

స్పేరు పార్టుల షాపుల్లో రెండు చోట్ల అడిగితే గొట్టం విడిగా లేదన్నారు, హబ్బు మొత్తం తీసుకోమన్నారు. హబ్బు మారిస్తే స్పోకులు విప్పి రిమ్ము మళ్లీ కట్టాలి. హబ్బు గోడలు చూస్తే బేరింగు గూళ్లు రెండూ బాగున్నాయి. ఔటర్ రేస్ తిరిగిన మెరుపు లేదు, గీతలు లేవు. అలాంటి హబ్బుని పారేయడం అన్యాయం. లేత్ దగ్గరికి పోయాం.

లేత్ మేస్త్రికి మూడు మాటలు చెప్పాను. పొడవు, మెట్టుకీ మెట్టుకీ మధ్య వచ్చిన కొలతకంటే 0.1 మి.మీ. ఎక్కువ, అంతకంటే వద్దు. రెండు కొసలూ ఒకే పట్టులో అడ్డంగా ఫేసింగ్ (చదును) చేయాలి. బయటి వ్యాసం ఇన్నర్ రేస్ అంచు దాటకూడదు, దాటితే బేరింగు సీలుకి రాసుకుంటుంది. సీమ్‌లెస్ పైపు ముక్కతో గంటలో చేసి ఇచ్చాడు. అద్దం పలక మీద నిలబెట్టి వెనక నుంచి టార్చి వేసి చూశాం. కింద నుంచి వెలుగు రాలేదు. తిరగేసి మళ్లీ చూశాం. రాలేదు.

0.1 ఎందుకు ఎక్కువ అని కుర్రాడు అడిగాడు. ఒక బేరింగు దాని మెట్టుకి పూర్తిగా ఆని కూర్చుంటుంది. రెండోది మాత్రం మెట్టుకి ఆనకూడదు, దాని ఇన్నర్ రేస్ గొట్టానికి ఆని ఆగాలి. ఆ వెంట్రుకంత ఎక్కువ పొడవే రెండో బేరింగుని మెట్టుకి కొంచెం ఇవతల నిలబెడుతుంది. అప్పుడు నట్టు ఎంత బిగించినా ఇన్నర్ రేసులు దగ్గరికి రాలేవు.

యాక్సిల్ కొత్తది, సీలు కొత్తది. బేరింగులు రెండు వైపులా రబ్బరు సీలున్న 6301 టూ ఆర్ఎస్. ఈ అంకెల్లో చివరి రెండూ లోపలి రంధ్రం సంగతి చెబుతాయి: 00 అయితే 10 మి.మీ., 01 అయితే 12, 02 అయితే 15, 03 అయితే 17. 6301 అంటే లోపల 12, బయట 37, మందం 12. షాపులో బండి పేరు చెప్పి తీసుకోకండి, విప్పిన బేరింగు మీది నంబరు చదివి తీసుకోండి. జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూతలు. అవి దుమ్ము ఆపుతాయి గానీ నీళ్లు ఆపవు, చెరువు గట్టు బండికి పనికిరావు. అసలు మూతే లేని ఓపెన్ బేరింగు వేసి గ్రీజు దట్టించడం మా గురువుల కాలం పద్ధతి. అప్పట్లో అదే దొరికేది. డ్రమ్ము బ్రేకున్న హబ్బులో ఆ గ్రీజు ఎక్కువైతే వేడికి కరిగి లైనర్ల మీదికి పోతుంది, బ్రేకు పోతుంది.

నకిలీల గురించి ఒక్క మాట. పేరున్న కంపెనీ పెట్టెలో నాసిరకం బేరింగు పెట్టి అమ్మడం మార్కెట్లో ఉంది. పెట్టె మీద అచ్చు కాదు, రేస్ మీది చెక్కుడు చూడండి. అక్షరాలు సన్నగా, సమంగా, వేలితో రుద్దితే చెరగకుండా ఉండాలి. సగం ధరకిస్తానంటే తీసుకోవద్దు.

దింపడం

ముందు రోజు రాత్రే బేరింగుల్ని ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా కట్టి మా ఇంటి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టాను. పొద్దున హబ్బు గూళ్లు తుడిచి, హీట్ గన్నుతో చుట్టూ సమంగా వేడి చేశాం. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరేంత, అంతే. గ్యాస్ మంట పెట్టొద్దు. ఒకే చోట కాలి అల్యూమినియం వంకరపోతుంది.

ఇది చాదస్తం కాదు. అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 37 మి.మీ. గూడు 70 డిగ్రీలు వేడెక్కితే 0.06 మి.మీ. పెద్దదవుతుంది. చల్లబెట్టిన బేరింగు 0.02 దాకా చిన్నదవుతుంది. రెండూ కలిస్తే సుత్తితో బాదాల్సినది చేతి ఒత్తిడికే జారుతుంది. మొదటి బేరింగు మూడొంతులు దానంతటదే దిగింది. మిగతాది దింపడానికి పాత ఔటర్ రేసునే వాడాం. దాని బయటి అంచు గ్రైండరుతో కొంచెం తగ్గించి పెట్టుకుంటే గూట్లో ఇరుక్కోదు, దెబ్బ సరిగ్గా ఔటర్ రేస్ మీదే పడుతుంది. టప్, టప్ అంటున్న చప్పుడు ఒక్కసారి గట్టిపడి ఠంగుమంటే మెట్టుకి ఆనిందన్నమాట. అక్కడితో ఆపేయాలి.

కొత్త బేరింగు ఇన్నర్ రేస్ మీద మాత్రం ఒక్క దెబ్బ కూడా పడకూడదు. ఆ దెబ్బ బాల్స్ గుండా గాడిలోకి దిగి, కంటికి కనబడని గుంటలు చేస్తుంది. బండి ఇచ్చిన రోజు ఏమీ తెలియదు. వారం పది రోజుల్లో గుయ్యిమనడం మొదలవుతుంది. సాకెట్ పెట్టి కొట్టేవాళ్లు సాకెట్ అంచు ఎక్కడ ఆనుతోందో చూసి కొట్టాలి.

చక్రం తిరగేసి, గొట్టం వేసి, రెండో బేరింగు దింపాం. ఇక్కడే నిదానం కావాలి. రెండు దెబ్బలకోసారి ఆపి, మొదటి బేరింగు రంధ్రంలోంచి వేలు పెట్టి గొట్టాన్ని పక్కకి కదిపాను. కదులుతోంది. ఇంకో దెబ్బ. కదులుతోంది. ఇంకోటి. ఇప్పుడు వేలితో తోస్తే బిర్రుగా జరుగుతోంది, వదులుగా ఊగడం లేదు. అంతే, ఆపేశాం. ఇంకొక్క దెబ్బ వేసి ఉంటే మళ్లీ పక్క ఒత్తిడి మొదలయ్యేది, ఈసారి వేరే దారిలో.

గూడు వదులైన హబ్బు మీకు తగిలితే గనక, గోడ మీద సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగు బిగించే పని దయచేసి చేయకండి. ఆ చుక్కల మొనలు నాలుగు రోజుల్లో అణిగిపోతాయి, బేరింగు మళ్లీ తిరుగుతుంది, తర్వాత బాగుచేయడానికి గోడ కూడా మిగలదు. సందు కొద్దిపాటిదైతే బేరింగు పట్టే లాకింగ్ ద్రవం దొరుకుతుంది, లాక్‌టైట్ 641 లాంటిది. ఎక్కువైతే లేత్‌లో స్లీవు వేయించాలి.

చక్రం ఎక్కించే ముందు బ్రేకు డ్రమ్ము తుడిచి, సీలు పెదవికి గ్రీజు రాసి, యాక్సిల్ మీద పల్చగా పూసి బిగించాం. నట్టు చేతి బిగింపు మీద ఉండగా చక్రం తిప్పి చూశాను. తర్వాత పూర్తిగా బిగించి తిప్పాను. రెండుసార్లూ ఒకేలా తిరిగింది, ఒకేలా ఆగింది. జూన్‌లో నేను చూడాల్సింది ఇదే. బేరింగులు వేసిన ప్రతి బండికీ ఇప్పుడు ఈ పరీక్ష నట్టు వదిలి ఒకసారి, బిగించి ఒకసారి నేనే చేస్తాను, కుర్రాడికి వదలను.

వెనక చక్రం కూడా లేపి చూశాం. బేరింగులు బాగున్నాయి, కప్లింగ్ రబ్బర్లు మాత్రం పిండి అయ్యాయి. అవి మార్చాం. లేత్ కూలి, యాక్సిల్, సీలు, రబ్బర్ల డబ్బులు తీసుకున్నాను. ముందు చక్రం బేరింగులకీ నా పనికీ తీసుకోలేదు. మొత్తం వెయ్యి రూపాయలు దాటలేదు. అంతకుముందు మూడు జతలకి, అక్కర్లేని కోన్‌సెట్‌కి ఆయన పెట్టింది అంతకంటే ఎక్కువే.

వెళ్లేటప్పుడు ఆయన్ని అడిగింది ఒక్కటే. ప్రెషర్ గన్ను మానేసి, గట్టు మీంచి వచ్చిన రోజు బకెట్టు మంచినీళ్లు, గుడ్డతో చక్రాలు కడగమన్నాను. “అది మన బుజ్జిది చేస్తాది లే,” అన్నారు. మనవరాలి సంగతి.

పదకొండు నెలల తర్వాత టైరు మార్చడానికి వచ్చారు. చక్రం ఎలాగూ దిగింది కాబట్టి సీలు లేపి చూశాను. పెదవి మెత్తగానే ఉంది, లోపల తడి లేదు. ఇన్నర్ రేసులో వేలు పెట్టి తిప్పితే రెండు వైపులా చప్పుడు లేకుండా, నూనెలో తిరిగినట్టు తిరిగాయి. యాక్సిల్ మీద మెరుపు పట్టీ లేదు. అదే గొట్టం, అవే బేరింగులు పెట్టి, నట్టు గట్టిగా బిగించి ఇచ్చాను. కోసిన పాత బేరింగు ముక్కలు రెండూ షెడ్డులో వెర్నియర్ పక్కన మేకుకి వేలాడుతున్నాయి. ఎవరైనా నట్టు కాస్త వదులు చేస్తే సరిపోతుంది కదా అంటే వాటిని చేతికిస్తాను.